మూడు లారీలు చేతికొచ్చాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మెకానికల్ డిప్లొమా అయిపోయింది. మీ మామకు మూడు లారీలున్నాయి. రెండు పన్నెండు టైర్లవి సిమెంటుకి తిరుగుతాయి, ఒకటి పది టైర్లది, వడ్లకి, బియ్యానికి. ఆయనకు ఇప్పుడు మోకాళ్లు సహకరించట్లేదు, ఇక నువ్వే చూసుకో అన్నాడు. ఉండేది మిర్యాలగూడ. రిపేర్లు ఎక్కడ నేర్చుకోవాలి, రోజూ ఏం చూడాలి, ఏ కాగితాలు ఎలా దాచాలి, దీనికి కోర్సు ఏమైనా ఉందా అని అడిగావు. ఒక్కొక్కటీ చెప్తాను, కానీ నువ్వు అడిగిన వరసలో కాదు.

నా సంగతి రెండు ముక్కల్లో: నల్లగొండలో ఐటీఐ డీజిల్ మెకానిక్ చదివాను, ఆర్టీసీ డిపోలో అప్రెంటిస్ చేశాను, ఆ తర్వాత నార్కట్‌పల్లి దగ్గర షెడ్డు పెట్టాను. ఇరవై ఆరేళ్లయింది. మధ్యలో ఏడేళ్లు సొంతంగా రెండు లారీలు కూడా తిప్పాను, కాబట్టి ఓనర్ టెన్షన్ ఎట్లుంటుందో తెలుసు. కోర్సు సంగతి ఇక్కడే తేల్చేస్తాను. నీకు డిప్లొమా ఉంది, మళ్లీ ఐటీఐకి పోవాల్సిన పని లేదు. ఆర్టీసీ డిపోల్లో అప్రెంటిస్‌లను తీసుకుంటారు, అవకాశం వస్తే వదలకు. అక్కడ నేర్పేది రిపేరు ఒక్కటే కాదు. రోజూ చూసేది వేరు, వారానికి చూసేది వేరు, ఇన్ని కిలోమీటర్లకు చూసేది వేరు అని షెడ్యూలు ఉంటుంది. బండి చెడిపోలేదు కదా అని ఎవరూ వదిలేయరు. ప్రైవేటు షెడ్డులో ఆ అలవాటు రాదు. మా దగ్గరికి వచ్చేవి చెడిపోయిన బండ్లే.

డిప్లొమా చదివిన పిల్లలందరూ ముందు ఇంజిన్ విప్పాలనుకుంటారు. నేనూ అంతే. కానీ ఇంజిన్ చెడితే లారీ రోడ్డు పక్కన ఆగిపోతుంది, డబ్బు పోతుంది, అంతే. బ్రేకు, చక్రం, స్టీరింగు చెడితే మనుషులు పోతారు. అందుకని వీటితో మొదలుపెట్టు. ఇంజిన్ పని ఏడాది తర్వాత నేర్చుకున్నా కొంపలు మునగవు.

మొదటి నెల ఒక మంచి పంచర్ షాపులో కూర్చో. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. మన లారీ ఖర్చులో డీజిల్ తర్వాత పెద్ద ఖర్చు టైర్లదే. ఒక టైరు ఎలా అరిగిందో చూసి బండి జబ్బు చెప్పొచ్చు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడిమధ్య అరిగితే గాలి ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ లేదా ముందు చక్రం తిరిగే కింగ్ పిన్. ముక్కలు ముక్కలుగా, మెట్లు మెట్లుగా అరిగితే కమాన్ (స్ప్రింగు) కట్టలో గానీ బేరింగులో గానీ లూజు వెతకాలి. జంట చక్రాల్లో ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగింది వేస్తే పెద్దది బరువంతా మోసి వేడెక్కుతుంది, చిన్నది రోడ్డును గీరుకుంటూ పోతుంది. రెండూ పాడవుతాయి. చట్టం ప్రకారం లారీ టైరు బటన్ (గాడుల) లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. నా లెక్కలో ముందు టైర్లకు అంతదాకా ఆగడం పిచ్చిపని. ముందు ఎప్పుడూ రీబటన్ టైరు (పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించింది) వేయకు, ఎంత మంచి షాపు వాడు చెప్పినా సరే.

గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు రోడ్డు మీద నడిచొచ్చిన టైరులో గాలి పెరిగినట్టు గేజీ చూపిస్తుంది. డ్రైవర్లు భయపడి కొంచెం వదిలేస్తారు. రాత్రికి చల్లారాక ఆ టైరులో గాలి తక్కువైపోతుంది. మర్నాడు అదే టైరు పక్కలు ఎక్కువగా ఆడి, లోపల కాలి పేలుతుంది. వేడి టైరులో గాలి తీయకూడదని మూడు బండ్ల డ్రైవర్లకూ చెప్పు. ఒక్కసారి చెప్తే వినరు, పదిసార్లు చెప్పు.

ఆ షాపులోనే ఇంకోటి నేర్చుకో. ట్యూబు టైరు డిస్కులకు లాక్ రింగు ఉంటుంది. అది సరిగ్గా కూర్చోకుండా గాలి పెడితే రింగు ఎగిరొచ్చి తగులుతుంది. అట్లా తగిలిన మనిషిని నేను కళ్లారా చూశాను, అది రాయడం ఇష్టం లేదు. గాలి పెట్టేటప్పుడు చక్రం పంజరంలో ఉండాలి. అది లేకపోతే కనీసం గొలుసు చుట్టి, పొడవాటి పైపుతో, రింగుకు ఎదురుగా నిలబడకుండా పక్కనుంచి పెట్టాలి. ఇట్లాంటి జాగ్రత్తలే మరి రెండు: టిప్పర్ తొట్టి ఎత్తి దాని కిందికి పోవాలంటే గట్టి ఊతం పెట్టకుండా పోవద్దు, హైడ్రాలిక్‌ను నమ్మొద్దు. వెనక బ్రేకులకు ఉండే స్ప్రింగు బూస్టరును మాత్రం నువ్వు విప్పొద్దు. లోపలి స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది, క్లాంపు తీయగానే తుపాకీ గుండులా వస్తుంది.

ఇప్పుడు నా చేతకానితనం ఒకటి చెప్తాను. నా సొంత లారీ వాడపల్లి వైపు నుంచి సిమెంటు లోడుతో వస్తోంది. అంతకు ముందు రోజు హుజూర్‌నగర్ దాటాక ఒక షాపులో ఎడమ వైపు వెనక చక్రం విప్పి పంచర్ వేయించారు. మిర్యాలగూడ దాటగానే స్టడ్లు (చక్రం బోల్టులు) ఒకటొకటిగా తెగి, బయటి చక్రం ఊడి పొలంలోకి పరిగెత్తింది. వరి నాట్లు వేసే రోజులు. దేవుడి దయవల్ల కూలోళ్లు అవతలి మడిలో ఉన్నారు. చక్రం బిగించిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపల ఆగి నట్లు మళ్లీ బిగించాలి. పెయింటు, తుప్పు, మట్టి నలిగి నట్టు లూజవుతుంది. ఇది నాకు తెలుసు, డ్రైవరుకీ తెలుసు. నేను డ్రైవర్ని అడిగితే క్లీనర్ బిగించాడన్నాడు, క్లీనర్ని అడిగితే షాపు వాడు మళ్లీ చూశాడన్నాడు, షాపు వాడు అసలు ఆ బండే రాలేదన్నాడు. ఎవరో ఒకరు అబద్ధం ఆడారని కాదు. ఎక్కడా రాసి లేదు, కాబట్టి ముగ్గురికీ తాము చెప్పేదే నిజమని అనిపించింది. ఆ రాత్రి షెడ్డుకు వచ్చి ఒక నోటు పుస్తకం తీసి మొదటి లైను రాశాను. రికార్డు అనేది నాకు అట్లా మొదలైంది, ఏ ఆఫీసరూ అడిగితే కాదు. ఒక గుర్తు చెప్తాను: నట్టు దగ్గర నుంచి డిస్కు మీదికి ఎర్రగా తుప్పు చార కారితే ఆ నట్టు లూజు. తట్టి చూడక్కర్లేదు, కళ్లకే కనిపిస్తుంది.

తర్వాత బ్రేకులు. మన లారీలన్నీ గాలి బ్రేకులే. కంప్రెసర్ గాలి నింపుతుంది, ట్యాంకుల్లో ఉంటుంది, పెడల్ తొక్కితే బూస్టర్లలోకి పోయి లైనర్లను డ్రమ్ముకు ఆనిస్తుంది. రోజూ చేసే పరీక్ష తేలికే. ఇంజిన్ మీద గాలి పూర్తిగా నింపు, చాలా బండ్లలో 8 బార్ దగ్గర కట్ అవుతుంది. ఇంజిన్ ఆపు. చక్రాల కింద అడ్డు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు తీసి, కొన్ని నిమిషాలు గేజీ చూడు. తర్వాత పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుని మళ్లీ చూడు. ముల్లు కళ్లముందే దిగుతుంటే ఎక్కడో లీకు. రేడియో ఆపి బండి చుట్టూ తిరిగితే సొయ్‌మని చప్పుడు వినిపిస్తుంది, సబ్బు నురగ పూస్తే బుడగ చూపిస్తుంది. ట్యాంకుల కింది వాల్వు లాగి నీళ్లు వదలాలి. నీళ్లతో పాటు నూనె వస్తుంటే కంప్రెసర్ ట్యాంకుల్లోకి నూనె పంపుతోందని, గాలిలో తేమ తీసే డ్రయర్ పని కూడా అయిపోతోందని అర్థం. ఇప్పటి బండ్లకు లైనరుకూ డ్రమ్ముకూ మధ్య సందును సర్దే ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్లు ఉన్నాయి. వాటిని మాటిమాటికి పానాతో తిప్పి టైట్ చేసే మేస్త్రీ దగ్గర నేర్చుకోకు. అది తనంతట తాను సర్దుకోవట్లేదంటే ఎందుకో చూడాలి గానీ, తిప్పి పంపితే రెండు రోజుల్లో మళ్లీ అంతే.

బ్రేకు అంటే ఏంటో తెలియాలంటే ఒకసారి శ్రీశైలం రూట్లో లోడు బండిలో క్యాబిన్‌లో కూర్చుని పో. మన్ననూరు దాటాక నల్లమల అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు, కాబట్టి పగలే. ఈగలపెంట దాటి దిగేటప్పుడు పెద్ద డ్రైవర్లు పెడల్ మీద కాలు పెట్టకుండా ఎలా దిగుతారో చూడు. ఎక్కిన గేరులోనే దిగుతారు, ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) వాడతారు. పెడల్ తొక్కుతూ దిగితే డ్రమ్ము కాలి పెద్దదవుతుంది, లైనరు పట్టు తప్పుతుంది, పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ బండి ఆగదు. కిందికి దిగాక చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా దూరంగా పెట్టి చూడు. చక్రాలన్నిటిలో ఒకటి చల్లగా ఉందంటే దాని బ్రేకు పని చేయట్లేదు. ఒకటి విపరీతంగా కాలుతోందంటే అది పట్టేసింది, లేదా బేరింగు గ్రీజు అయిపోయింది. ఇంత చవక పరీక్ష ఏ స్కానరూ చేయదు.

స్టీరింగుకు ఇద్దరు కావాలి. ఒకరు క్యాబిన్‌లో చక్రం అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తుంటే ఇంకొకరు కింద డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండులు పట్టుకుని లూజు చూడాలి. కమాన్ కట్టల్లో విరిగిన పట్టీ, జరిగిన సెంటర్ బోల్టు, లూజైన యూ బోల్టు వెతకాలి. లైట్లు, రిఫ్లెక్టర్ టేపులు, వైపర్లు, హారన్ గురించి పెద్దగా చెప్పేది లేదు, వెలుగుతున్నాయా లేదా అంతే. కానీ రాత్రిపూట 65వ నంబరు హైవే మీద ఆగిన లారీ వెనక లైటు వెలగకపోతే ఏమవుతుందో నువ్వు ప్రతి నెలా పేపర్లో చదువుతూనే ఉంటావు.

ఇంజిన్ దగ్గర మూడే మాటలు. ఆయిలు ఎప్పుడు మార్చాలో మీ ఊరి మేస్త్రీని అడగకు, బండితో వచ్చిన పుస్తకం చూడు. పాత బండికి, బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల) బండికి కిలోమీటర్లలో చాలా తేడా ఉంది, ఆయిలు గ్రేడులో కూడా తేడా ఉంది. మిల్లు ముందు, సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లో నిలబడే బండికి కిలోమీటర్ల లెక్క సరిపోదు, ఇంజిన్ గంటలు కూడా చూడాలి. రెండోది రేడియేటరు. మన నల్లగొండ బోరు నీళ్ల సంగతి నీకు చెప్పాలా? పళ్లకే గార పట్టించిన నీళ్లవి. గిన్నెలో కాస్తే తెల్లగా పొర కట్టే ఆ నీళ్లు రేడియేటరులో పోస్తే సన్న గొట్టాలు మూసుకుపోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? కంపెనీ కూలెంట్ గానీ, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపింది గానీ పోయాలి. క్లీనరు దాబా దగ్గర డ్రమ్ము నీళ్లు పోస్తాడు, వాణ్ణి ఆపాలంటే క్యాబిన్‌లో ఐదు లీటర్ల కూలెంట్ డబ్బా ఎప్పుడూ పెట్టాలి. ఉంటే అదే పోస్తాడు.

మూడోది డెఫ్. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 పెద్ద లారీల్లో పొగ శుద్ధి చేయడానికి దీన్ని పోస్తారు, మనవాళ్లు యూరియా అనే అంటారు. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. పొలానికి వేసే యూరియా బస్తా నుంచి చారెడు తీసి బకెట్లో కలిపి పోసిన మహానుభావుల్ని నేను చూశాను. ఇంజెక్టరు మీద తెల్లగా గడ్డకట్టి, డ్యాష్‌బోర్డులో లైటు వెలిగి, ఇంజిన్ పవరు తగ్గి, లోడు మీద లారీ నడవనని మొరాయిస్తుంది. అప్పుడు ఎవడో వచ్చి, చిన్న డబ్బా పెట్టి సిస్టమ్ బైపాస్ చేస్తానంటాడు. ఒప్పుకోకు. అది చట్టవిరుద్ధం, పైగా తర్వాత ఏ లోపం వచ్చినా కంప్యూటరు నిజం చెప్పదు. ఇంకోటి, డెఫ్ మూత డీజిల్ మూత పక్కనే ఉంటుంది. డెఫ్‌ను డీజిల్ ట్యాంకులో పోసేస్తే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు, తాళం కూడా తిప్పొద్దు. ట్యాంకు ఖాళీ చేయించడం ఒక పూట పని, స్టార్ట్ చేస్తే లక్షల్లో పోతుంది.

ఇక నువ్వు అసలు అడిగిన రాతకోతల సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి ప్రభుత్వానికి చూపించేది: ఆర్‌సీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, ట్యాక్స్, డ్రైవర్ లైసెన్సు. రెండోది మన బండి ఆరోగ్యం పుస్తకం. మొదటిది ఎంత పక్కాగా ఉన్నా రెండోది లేకపోతే బండి గురించి నీకేమీ తెలియనట్టే. ఎఫ్‌సీ చెప్పేది పరీక్ష జరిగిన రోజు బండి బాగుందని మాత్రమే. అది కూడా ఎంత నిజమో మనకు తెలుసు. ఎఫ్‌సీ కోసం పక్క లారీ నుంచి నాలుగు మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూశాక సాయంత్రానికి విప్పి ఇచ్చేసే ఓనర్లు మన చుట్టూ ఉన్నారు. ఆ విప్పడం, బిగించడం పని మా షెడ్డులోనే చేయమని నన్నూ అడిగారు. మొదట్లో చేశాను కూడా, దాచేదేముంది. ఇప్పుడు ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. అక్కడ రోలర్ల మీద ఎక్కించి ఏ చక్రం ఎంత బ్రేకు పడుతోందో యంత్రమే లెక్క చెప్తుంది. టైర్లు అరువు తెచ్చినా బ్రేకు లోపం అక్కడ దాగదు.

నన్ను ఇన్నేళ్లలో ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ రిపేర్ రిజిస్టరు అడగలేదు. అయినా రాస్తాను. మా అక్క అల్లుడు అమెరికాలో ఒక ట్రక్కుల కంపెనీ ఆఫీసులో చేస్తాడు. అక్కడ డ్రైవరు దిగేటప్పుడు లోపం కనిపిస్తే రాసివ్వాలి, బాగు చేసినట్టు కంపెనీ సంతకం పెట్టాలి, ఆ కాగితం 3 నెలలు దాచాలి. ఏడాదికోసారి జరిగే తనిఖీ రిపోర్టు 14 నెలలు దాచాలి. లేకపోతే జరిమానా. అతను చెప్పిన దాంట్లో నాకు నచ్చింది జరిమానా కాదు, ఆ వరస: లోపం రాసినవాడు ఒకడు, బాగు చేసి సంతకం పెట్టినవాడు ఒకడు, మర్నాడు బండి ఎక్కే డ్రైవరు ఆ రెండూ చదివి ఎక్కుతాడు. నా నోటు పుస్తకాన్ని అప్పుడు ఆ పద్ధతికి మార్చుకున్నాను.

ప్రతి బండికి ఒక పుస్తకం. ప్రతి లైనులో తేదీ, మీటరు రీడింగు, డ్రైవరు చెప్పిన కంప్లయింటు వాడి మాటల్లోనే, విప్పి చూస్తే కనిపించింది, చేసిన పని, వేసిన సామాను, బిల్లు నంబరు, చేసినవాడి పేరు. మీటరు రీడింగు లేని లైను దండగ. కంప్లయింటునూ కారణాన్నీ కలిపి రాయకు. "బ్రేకు ఎడమకు గుంజుతోంది" అనేది కంప్లయింటు. "కుడి ముందు లైనరుకు గ్రీజు అంటింది" అనేది కారణం. "బ్రేకు చేశాం" అని రాస్తే ఆరు నెలల తర్వాత నీకే అర్థం కాదు. చూసి బాగుందనుకున్నది కూడా రాయాలి. రాయకపోతే చూసి బాగుందని వదిలేశావో, అసలు చూడలేదో తేడా తెలియదు.

ఈ పుస్తకం నాకు ఏం మిగిల్చిందో ఒకటి చెప్తా. ఒక ట్రాన్స్‌పోర్టు వాళ్ల ఎనిమిది బండ్ల పుస్తకాలు నేనే చూస్తాను. అందులో ఒక బండికి ముగ్గురు డ్రైవర్లు మారుతూ ఉండేవాళ్లు. ఒకడు లీటరు కూలెంట్ పోశానని రాశాడు. మూడు రోజులకు ఇంకొకడు లీటరు పోశానని రాశాడు. తర్వాత మూడోవాడు. ఎవడికి వాడు ఒక్కసారే పోశాడు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆదివారం నేను పేజీ తిరగేస్తే రెండు వారాల్లో నాలుగు లీటర్లు. కింద ఎక్కడా తడి లేదు, అంటే బయటికి పోవట్లేదు, లోపలికే పోతోంది. విప్పితే ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చేది) పగిలి ఉంది. ఇంకో నెల తిరిగితే ఇంజిన్ బోరుకు వచ్చేది. ముగ్గురి దగ్గరా తలా ముక్క ఉంది, పేజీ మీద చూస్తే గానీ మొత్తం కనపడలేదు.

టైర్లకు వేరే పేజీ పెట్టు. ప్రతి టైరు పక్కన నంబరు ఉంటుంది, అది రాయి, ఏ చక్రం దగ్గర ఉందో రాయి, ఎప్పుడు వేశావో, ఎన్ని కిలోమీటర్ల మీద మార్చావో రాయి. పక్కన నాలుగు అంకెలుంటాయి, 1823 అంటే 2023లో 18వ వారం తయారైందని. కంపెనీ క్లెయిముకు ఇవి కావాలి. అంతకంటే ముఖ్యం, రాత్రికి రాత్రి మారిపోయే స్టెప్నీలు నంబరు రాసి పెట్టుకుంటే మారవు. డ్రైవర్లను అనుమానించమని చెప్పట్లేదు. నంబరు రాసి ఉందని తెలిస్తే బయటివాడు కూడా ముట్టుకోడు.

ఇప్పుడు ప్రభుత్వ కాగితాలు. గోడకు ఒక పెద్ద క్యాలెండరు కట్టి, మూడు బండ్లకు ముగింపు తేదీలన్నీ ఎర్ర ఇంకుతో రాయి. నెల ముందు ఒక గుర్తు, వారం ముందు ఒక గుర్తు. ఎఫ్‌సీ కొత్త బండికి మొదట రెండేళ్లు ఉంటుంది. ఆ తర్వాత బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటితే ఏటా. మీ మామ పది టైర్ల బండి పాతది అన్నావు, దానికి ఏటా ఉంటుంది, మర్చిపోవద్దు. పొల్యూషన్ బీఎస్ 4, బీఎస్ 6 బండ్లకు ఏడాది. ట్యాక్స్ మనకు క్వార్టర్లీ. కాగితాలు డిజిలాకర్, ఎం-పరివాహన్‌లో చూపించినా చెల్లుతాయి, కానీ డ్రైవరు ఫోను చార్జింగు చచ్చేది సరిగ్గా తనిఖీ దగ్గరే, కాబట్టి జిరాక్సులు క్యాబిన్‌లో పెట్టు, ఒరిజినల్స్ ఇంట్లో పెట్టు. ఫైనాన్స్ తీరిన బండి ఉంటే ఫామ్ 35 మీద సంతకం చేయించి, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించావా చూడు. మన దగ్గర డబ్బు కట్టేసి ఏళ్ల తరబడి అది తీయించని ఓనర్లు బోలెడు మంది, అమ్మేటప్పుడు పరుగులు పెడతారు.

తేదీ దాటితే ఏమవుతుందో నా దగ్గరికొచ్చిన ఒక కేసు చెప్తా. ఎఫ్‌సీ అయిపోయి నాలుగు రోజులు. సీజను కదా, లోడు దింపి వచ్చాక చేయిద్దామనుకున్నాడు ఓనరు. ఐదో రోజు చౌటుప్పల్ దగ్గర యాక్సిడెంట్. ఇన్సూరెన్స్ సర్వేయరు మొదట అడిగింది ఆ తేదీకి ఎఫ్‌సీ, పర్మిట్, లైసెన్సు ఉన్నాయా అని. సొంత బండి డ్యామేజీ క్లెయిము ఆగిపోయింది. అవతలి మనిషికి ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా, ఇలాంటి కేసుల్లో ఆ డబ్బు తిరిగి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పొచ్చు. ఆ ఓనరు ఇప్పటికీ కోర్టు వాయిదాలకు తిరుగుతున్నాడు. చక్రం ఊడిందనో, బ్రేకు ఫెయిలైందనో కేసు వస్తే అప్పుడు మన రిపేరు పుస్తకం, బిల్లులు కూడా అక్కర్లోకి వస్తాయి. అవి లేకపోతే, నువ్వు నిర్లక్ష్యం చేయలేదని చూపించడానికి నీ నోటిమాట తప్ప వేరే ఏముంటుంది మరి?

లోడు సంగతి. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడు పెంచింది, మూడు యాక్సిళ్ల పది టైర్ల లారీకి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులు అయింది. కానీ నీ బండికి చెల్లేది నీ ఆర్‌సీలో రాసి ఉన్న అంకె. పాత బండి ఆర్‌సీలో పాత అంకె ఉంటే అదే. చట్టంలో ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రాసి ఉంది, ఎక్కువైన సరుకు దింపేదాకా బండి కదలనివ్వకూడదు. జరిమానా సంగతి పక్కన పెట్టు. నేను పైన చెప్పిన టైరు, డ్రమ్ము, కట్ట, బేరింగు జాగ్రత్తలన్నీ ఆ అంకె లోపలే పనిచేస్తాయి. మీ మామకు ఇది చెప్పడం కష్టమని తెలుసు, సిమెంటు కిరాయి టన్నుల మీద వస్తుంది కదా. ఆరు నెలలు పుస్తకం రాసి, కట్టలకు, టైర్లకు ఎంత అయిందో కూడి చూపించు. వాదన కంటే అది నయం.

సరుకు కాగితాల్లో ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకు వెంట ఉండాల్సిన ఆన్‌లైన్ బిల్లు) ఒక్కటి గుర్తుపెట్టుకో: 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. బండి దారిలో చెడితే గడువు ముగిసే సమయానికి 8 గంటలు ముందుగానీ, తర్వాత 8 గంటల లోపు గానీ పొడిగించుకోవచ్చు. డ్రైవరు బ్రేక్‌డౌన్ అని ఫోను చేయగానే మేస్త్రీ కంటే ముందు ఈ-వే బిల్లు టైము చూడు.

సర్వీసింగు ఎప్పుడు అనేది మన పంటలను బట్టి పెట్టుకో. అక్టోబరు, నవంబరులో వానాకాలం వడ్లు, ఏప్రిల్, మేలో యాసంగి వడ్లు. అప్పుడు మిర్యాలగూడ మిల్లుల ముందు లారీల లైను ఎంత పొడవుంటుందో నువ్వే చూస్తావు, ఆ రోజుల్లో ఏ ఓనరూ బండిని షెడ్డులో పెట్టడు. అందుకని సెప్టెంబరు చివర, మార్చి మొదట్లో వడ్ల బండిని రెండు రోజులు ఆపేయ్. హబ్బులు విప్పి గ్రీజు మార్చు, లైనర్లు చూడు, జాయింట్ క్రాసులు చూడు, బ్యాటరీ చూడు.

డ్రైవర్ల గురించి ఒక్క మాట, నువ్వు అడగలేదు గానీ. లోపం రాసిన డ్రైవర్ని ఎప్పుడూ తిట్టకు, వాడి జీతంలో కోయకు. ఒక్కసారి కోస్తే మూడు బండ్ల పుస్తకాల్లో "అంతా ఓకే" అని తప్ప ఇంకేమీ రాయరు. చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల డ్యూటీ. మన లైనులో అది ఎంత నడుస్తుందో ఇద్దరికీ తెలుసు. కనీసం రాత్రంతా నడిపి వచ్చినవాడి చేత పొద్దున బండి చెక్ చేయించకు. ఆ రోజు నువ్వే పో. పది నిమిషాల పని: కింద తడి, టైర్లు, నట్లు, లైట్లు, గాలి గేజీ, ఆయిలు, కూలెంట్, డెఫ్. ఎప్పుడూ ఎడమ ముందు చక్రం దగ్గర మొదలుపెట్టి ఒకే వైపు తిరుగు, అలవాటైతే ఏదీ మరిచిపోవు.

చివర్లో ఏ రిజిస్టరు కొనాలి, యాప్ ఏదైనా ఉందా అని అడిగావు. యాప్ తర్వాత చూద్దువు. ఇప్పటికి మూడు 200 పేజీల లాంగ్ బుక్కులు చాలు, అట్టకు ప్లాస్టిక్ వేయించు, గ్రీజు చేతులు తగులుతాయి. పెన్నును దారంతో పుస్తకానికే కట్టు, లేకపోతే రెండో రోజుకల్లా డ్రైవరు జేబులోకి పోతుంది.